పుట్టుమచ్చలో గ్రోత్ ఫ్యాక్టర్లు కనిపిస్తే క్యాన్సర్ మొదలైనట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ చెల్లెలి వీపు మీదున్న పుట్టుమచ్చను తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టులో కాంపౌండ్ నీవస్ (పైచర్మంలోనూ లోచర్మంలోనూ ఉన్న మామూలు పుట్టుమచ్చ) అని, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ లక్షణాలేవీ లేవని వచ్చింది. హమ్మయ్య అనుకున్నారు. తర్వాత మీరు నెట్‌లో చదువుతుంటే, పుట్టుమచ్చల్లోనూ మెలనోమాలోనూ ఒకే రకం గ్రోత్ ఫ్యాక్టర్లు, అంటే కణాల్ని పెరగమని చెప్పే ప్రొటీన్లు, కనిపిస్తాయన్న మాట కంటపడింది. అప్పట్నుంచి టెన్షన్. ఆ మచ్చ అప్పటికే క్యాన్సర్ వైపు సగం దూరం వెళ్లిపోయిందా, ఒంటి మీదున్న మిగతా మచ్చలన్నీ తీయించేయాలా, ఆమె ముఖానికి రాసుకునే గ్రోత్ ఫ్యాక్టర్ సీరం మానేయాలా అని అడిగారు.

చర్మం బయాప్సీలు చదవడమే నా వృత్తి. చాలా ఏళ్లుగా పుట్టుమచ్చల్నీ మెలనోమాల్నీ మైక్రోస్కోపు కింద చూస్తున్నాను. అందుకే ముందు జవాబు చెప్పేసి, కారణాలకు తర్వాత వస్తాను. రిపోర్టు అలా ఉన్నప్పుడు ఆ మచ్చ గురించి భయం అక్కర్లేదు. మిగతావి తీయించనవసరం లేదు. గ్రోత్ ఫ్యాక్టర్ కనిపించిందా లేదా అన్నదాన్ని బట్టి ఏదీ తేలదు. దాన్ని ఎవరు తయారుచేస్తున్నారు, ఎవరు అందుకుంటున్నారు, అందుకున్న కణం ఆగాల్సిన చోట ఆగుతోందా అన్నది చూడాలి.

చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్లు పైచర్మం అడుగు వరసలో ఉంటాయి. ఒక్కో మెలనోసైటు పొడవాటి శాఖలు చాచి, చుట్టుపక్కలున్న ముప్ఫై నలభై కెరటినోసైట్లకు, అంటే పైచర్మాన్ని కట్టే మామూలు కణాలకు, రంగు అందిస్తుంది. రంగు పంచేది అదే అయినా పెత్తనం మాత్రం కెరటినోసైట్లది. ఇ-క్యాడ్హెరిన్ అనే ప్రొటీన్ ద్వారా అవి మెలనోసైటును తమకు అంటిపెట్టుకుని ఉంచుతాయి. అది బతకడానికీ, అవసరమైనప్పుడు విభజన చెందడానికీ కావలసిన గ్రోత్ ఫ్యాక్టర్లలో చాలావరకు అవే ఇస్తాయి: స్టెమ్ సెల్ ఫ్యాక్టర్, ఎండోథెలిన్-1, బేసిక్ ఎఫ్‌జీఎఫ్. కింద లోచర్మంలో పోగులు అల్లే కణాలైన ఫైబ్రోబ్లాస్టుల నుంచి హెచ్‌జీఎఫ్, ఐజీఎఫ్-1 లాంటివి వస్తాయి. ఎండ తగిలితే ఈ సరఫరా పెరుగుతుంది, మెలనోసైట్లు చురుగ్గా పనిచేస్తాయి, చర్మం నల్లబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మంలో రోజూ జరిగేదే ఇది. గాయం మానాలన్నా ఈ పదార్థాలే కావాలి. పేరులో 'గ్రోత్' ఉందని ఉలిక్కిపడనక్కర్లేదు.

ఈ సంబంధం ఎంత గట్టిదో ల్యాబ్‌లో కణాలు పెంచేవాళ్లకు బాగా తెలుసు. మామూలు మెలనోసైట్లను తీసి ప్లేటులో ఉత్త పోషక ద్రవంలో వేస్తే పెరగవు. బేసిక్ ఎఫ్‌జీఎఫ్ లాంటివి బయటినుంచి కలుపుతూ ఉంటేనే విభజన చెందుతాయి. ఆపేస్తే ఆగిపోతాయి. తొలిదశ మెలనోమా నుంచి తీసిన కణాలకు ఈ అవసరం బాగా తగ్గిపోతుంది, ఇన్సులిన్ లేదా ఐజీఎఫ్-1 ఉంటే చాలు నెట్టుకొస్తాయి. ఇతర అవయవాలకు పాకిన మెలనోమా కణాలైతే, గ్రోత్ ఫ్యాక్టర్ కాదు కదా ఏ ప్రొటీనూ కలపని ద్రవంలో కూడా పెరగగలవు. 1980ల చివర్లోనే ఈ తేడా గమనించారు. ఈ వ్యాధి గురించి నాకు తెలిసిన ప్రయోగాల్లో ఇంత స్పష్టంగా అసలు విషయం చూపించేవి తక్కువ.

మరి పాకిన కణాలకు ఆ సరుకు ఎక్కణ్ణుంచి వస్తోంది? వాటి లోపలి నుంచే. మామూలు మెలనోసైటు బేసిక్ ఎఫ్‌జీఎఫ్‌ను తయారుచేసుకోదు. మెలనోమా కణం తయారుచేసుకుంటుంది, దాన్ని అందుకునే రిసెప్టర్ కూడా దాని మీదే ఉంటుంది. ఉమ్మడి కుటుంబంలో పెద్దల చేతి మీదుగా అన్నీ అందుకుంటూ ఉన్నవాడు వేరు కాపురం పెట్టి సొంత పొయ్యి వెలిగించుకున్నట్టన్నమాట. ఎలుకల్లో పెంచిన మానవ మెలనోమా గడ్డల్లో ఈ ఫ్యాక్టర్ తయారీని అడ్డుకున్నప్పుడు గడ్డల పెరుగుదల ఆగింది. అంటే ఆ కణాలు దాని మీద నిజంగానే ఆధారపడి ఉన్నాయి.

ఇక్కడే మీరు చదివినది సరిగ్గా అడ్డుపడుతుంది. పుట్టుమచ్చల కణాల్లోనూ బేసిక్ ఎఫ్‌జీఎఫ్ కనిపించినట్టు కొన్ని పరిశోధనలు ఉన్నాయి. నిజమే. అంటే సొంత తయారీ మొదలవడం ఒక్కటీ క్యాన్సర్‌కు సరిపోదని అర్థం. దీనికి ప్రయోగాల సాక్ష్యం కూడా ఉంది. ఎలుక మెలనోసైట్లలోకి బేసిక్ ఎఫ్‌జీఎఫ్ జన్యువు చొప్పిస్తే ప్లేటులో బయటి సాయం లేకుండా పెరిగాయి, కానీ తిరిగి ఎలుక ఒంట్లో పెడితే గడ్డలు కట్టలేదు. మనిషి చర్మాన్ని ఎలుకలకు అతికించి చేసిన మరో ప్రయోగంలో బేసిక్ ఎఫ్‌జీఎఫ్ ఒక్కటే ఎక్కువ చేస్తే మెలనోసైట్లు సంఖ్యలో పెరిగాయంతే. దానికి అతినీలలోహిత-బి కిరణాలు తోడైనప్పుడు మెలనోమాను పోలిన మార్పులు వచ్చాయి. సరఫరా ఎక్కువైతే కణాలు పెరుగుతాయి. క్యాన్సర్ రావాలంటే జన్యువులు కూడా దెబ్బతినాలి. ఎండ ఈ రెండు పనులూ చేస్తుంది కాబట్టే మేం ఎండ గురించి అంతగా చెబుతాం.

పుట్టుమచ్చ ఎలా పుడుతుందో చూస్తే ఇంకా తేటగా అర్థమవుతుంది. 2002లో మెలనోమాల్లో బీరాఫ్ అనే జన్యువులో మ్యుటేషన్ (జన్యువు రాతలో మార్పు) కనిపెట్టారు. గ్రోత్ ఫ్యాక్టర్ వచ్చి రిసెప్టర్‌ను తాకితే ఆ వార్తను కణం లోపలికి చేరవేసే వరసలో బీరాఫ్ ఒక మెట్టు. వీ600ఈ అనే మ్యుటేషన్ వస్తే బయటినుంచి ఏ ఫ్యాక్టరూ రాకపోయినా అది 'పెరుగు, పెరుగు' అంటూనే ఉంటుంది. మెలనోమాల్లో దాదాపు సగం వాటిలో బీరాఫ్ మ్యుటేషన్ ఉంటుంది. మరుసటి ఏడాది, 2003లో, పుట్టుమచ్చల్ని పరీక్షిస్తే వాటిలో సుమారు 80 శాతంలో కూడా ఇదే మ్యుటేషన్ దొరికింది! ఏ హానీ చేయని మచ్చల్లో, మెలనోమాలకన్నా ఎక్కువ శాతంలో. ఆ ఫలితం అప్పట్లో ఈ రంగంలో అందర్నీ ఆశ్చర్యపరిచింది.

మచ్చ ఎందుకు అక్కడే ఆగిపోతుందన్నదే ఆ ఆశ్చర్యం వెనకున్న ప్రశ్న. మ్యుటేషన్ వచ్చిన మెలనోసైటు కొంతకాలం విభజన చెంది ఒక గుంపు కడుతుంది, మన కంటికి మచ్చగా కనిపిస్తుంది. ఆ తర్వాత కణంలోని అడ్డుకట్టలు మేల్కొంటాయి. వాటిలో పేరున్నది పీ16 అనే ప్రొటీన్; విభజన చక్రాన్ని ఆపడం దాని పని. 2005లో వచ్చిన ఒక ముఖ్యమైన పరిశోధన, మచ్చలోని కణాలు క్యాన్సర్ జన్యువు కారణంగానే వృద్ధాప్యంలాంటి స్థితిలోకి వెళ్లి ఆగిపోతాయని చూపించింది. పీ16 ఒక్కటే అంతా చేస్తుందనుకోకండి. మచ్చల్లో పీ16 లేని కణాలు కూడా ఆగే ఉంటాయి. ఇది నిజంగా వృద్ధాప్యమేనా, లేక ఇరుగుపొరుగు కణాలు ఒకదాన్నొకటి నిలవరించుకోవడమా అన్న వాదన ఇంకా నడుస్తోంది. నా మట్టుకు నాకు రెండో వాదనలో కూడా బలం కనిపిస్తుంది. మచ్చల్ని ఏళ్ల తరబడి చూస్తే అవి చచ్చుబడినట్టుండవు, కుదురుగా ఉన్నట్టుంటాయి.

ఆ కుదురు స్లైడు మీద కనిపిస్తుంది. మీ చెల్లెలి రిపోర్టు రాసిన పాథాలజిస్టు చూసినదీ అదే. కాంపౌండ్ నీవస్‌లో పైచర్మం, లోచర్మం కలిసే గీత దగ్గర కణాలు చిన్న చిన్న గుంపులుగా ఉంటాయి. అక్కడ కణాలు కాస్త పెద్దవి, రంగు నిండినవి. అక్కణ్ణుంచి కిందికి చూపు దించుకుంటూ పోతే కణాలు చిన్నవవుతూ, రంగు పోగొట్టుకుంటూ, విడివిడిగా కొల్లాజెన్ పోగుల మధ్యకు సర్దుకుంటాయి. అడుగుకు వెళ్లేసరికి విభజన చెందే కణం కనపడకూడదు. అనుమానం ఉంటే కీ-67 అనే రంజనం వేస్తాం. విభజనలో ఉన్న కణాల కేంద్రకాలు గోధుమరంగుకు తిరుగుతాయి. మంచి మచ్చలో అలాంటివి పైభాగంలో ఎక్కడో ఒకటీ అరా. మెలనోమాలో అడుగున కూడా పెద్ద పెద్ద కణాలే ఉంటాయి, అక్కడా గోధుమ చుక్కలు కనిపిస్తాయి, కొన్ని కణాలు గీత దాటి పైచర్మంలోకి ఎగబాకుతాయి. నిర్ధారణ చేసేటప్పుడు మేం గ్రోత్ ఫ్యాక్టర్ల కోసం వెతకం. అవి మచ్చలోనూ, మెలనోమాలోనూ, పక్కనున్న మామూలు చర్మంలోనూ ఉంటాయి కాబట్టి వాటితో తీర్పు చెప్పలేం.

సరే, కొన్ని మచ్చలు మెలనోమా అవుతాయి కదా, అదెలా? 2015లో ఒక బృందం మచ్చ, మెలనోమా పక్కపక్కనే ఉన్న నమూనాల్ని తీసుకుని ఒక్కో భాగంలోని జన్యువుల్ని విడిగా చదివింది. మంచి మచ్చ భాగంలో దాదాపు ఎప్పుడూ బీరాఫ్ వీ600ఈ ఒక్కటే. నడిమి దశలో కణానికి అంతులేని విభజన శక్తినిచ్చే టెర్ట్ జన్యువు స్విచ్‌లో మ్యుటేషన్లు తోడవుతాయి. పీ16ను తయారుచేసే జన్యువు రెండు ప్రతులూ పోవడం మాత్రం లోచర్మంలోకి చొచ్చుకెళ్లిన మెలనోమాల్లోనే కనిపించింది. ఈ దెబ్బల్లో చాలావాటి మీద అతినీలలోహిత కిరణాల ముద్ర ఉంది.

జన్యువుల్లో ఇలా ఒక్కో కట్ట తెగుతుంటే గ్రోత్ ఫ్యాక్టర్ల వ్యవహారం కూడా మారుతుంది. మొదట మెలనోమా పైచర్మంలోనే అడ్డంగా పరుచుకుంటుంది. ఆ దశలో తీసేస్తే దాదాపు అందరికీ నయమవుతుంది. తర్వాత అది లోతుకు దిగడం మొదలుపెడుతుంది. దిగే ముందు కణం తన ఇ-క్యాడ్హెరిన్‌ను వదిలేసి ఎన్-క్యాడ్హెరిన్ వేసుకుంటుంది. అంటే కెరటినోసైట్ల పట్టు విడిపించుకుని ఫైబ్రోబ్లాస్టులతో, రక్తనాళాల కణాలతో జత కడుతుంది. ఈ మార్పును పురమాయించేవాటిలో ఫైబ్రోబ్లాస్టులు ఇచ్చే హెచ్‌జీఎఫ్ ఒకటి. ఇక అక్కణ్ణుంచి మెలనోమా కణం తనకోసమే కాక పొరుగువాళ్ల కోసం కూడా ఫ్యాక్టర్లు తయారుచేస్తుంది. పీడీజీఎఫ్ విడుదల చేసి ఫైబ్రోబ్లాస్టుల్ని ఉసిగొల్పుతుంది. అవి బదులుగా ఐజీఎఫ్-1, హెచ్‌జీఎఫ్ అందిస్తాయి. వీఈజీఎఫ్ విడుదల చేసి కొత్త రక్తనాళాలు రప్పించుకుంటుంది. మామూలు మచ్చల్లో ఈ వీఈజీఎఫ్ చాలా తక్కువ, చాలాసార్లు కనిపించదు. లోతుకు దిగిన మెలనోమాల్లో పెరుగుతుంది. రక్తనాళాలు రాకుండా ఏ గడ్డా ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి ఎదగలేదు కాబట్టి ఇది పెద్ద మలుపు.

టీజీఎఫ్-బీటా అనే మరో గ్రోత్ ఫ్యాక్టర్ కథ నాకు మరీ ఆసక్తిగా అనిపిస్తుంది. మామూలు మెలనోసైటు మీద అది పెరుగుదలను ఆపే సంకేతం. ముదిరిన మెలనోమా కణం దాన్ని తనే దండిగా తయారుచేస్తుంది, కానీ తన మీద మాత్రం పనిచేయనివ్వదు. ఆ సంకేతం చుట్టూ ఉన్న రోగనిరోధక కణాల్ని మందగింపజేస్తుంది. కిట్ అనే రిసెప్టర్ విషయం ఇంకో రకం. స్టెమ్ సెల్ ఫ్యాక్టర్‌ను అందుకునే ఈ రిసెప్టర్ చాలా మెలనోమాల్లో లోతుకు దిగే కొద్దీ తగ్గిపోతుంది. అరచేతులు, అరికాళ్లు, శ్లేష్మ పొరల్లో వచ్చే కొన్ని మెలనోమాల్లో మాత్రం అదే కిట్ మ్యుటేషన్‌తో వ్యాధిని నడిపిస్తుంది. ఫ్యాక్టర్ ఎక్కువైతే చెడ్డ, తక్కువైతే మంచి అని లెక్క వేసుకుంటే తప్పులో పడతామని చెప్పడానికి ఈ రెండూ చాలు.

ఇందుకే వ్యాధి తీవ్రత చెప్పడానికి మేం ఏ ఫ్యాక్టర్ స్థాయీ కొలవం, లోతు కొలుస్తాం. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో చెప్పిన పద్ధతి అది: పైచర్మం పై పొర నుంచి అన్నిటికన్నా లోతున ఉన్న మెలనోమా కణం దాకా ఎన్ని మిల్లీమీటర్లు. 0.8 మిల్లీమీటర్ల లోపు ఉండి పైన పుండు పడకపోతే అది అత్యంత తొలి దశ. 4 దాటితే ప్రమాదం చాలా ఎక్కువ. ఈ ఫ్యాక్టర్ల ఆటంతా చివరికి ఆ లోతులోనే బయటపడుతుంది.

ఈ చదువంతా చికిత్సకు పనికొచ్చిందా అంటే, వచ్చింది, కానీ అంతా అనుకున్నట్టు కాదు. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్ మందును శస్త్రచికిత్స తర్వాత ఏడాది పాటు ఇచ్చి చూసిన పెద్ద ట్రయల్‌లో వ్యాధి తిరగబెట్టడం కొంత ఆలస్యమైంది, ఆయుష్షు మాత్రం పెరగలేదు. బీరాఫ్‌ను అడ్డుకునే వెమురాఫెనిబ్ 2011లో వచ్చింది. గడ్డలు వారాల్లో కరిగిపోయేవి, కానీ చాలామందిలో నెలల్లో తిరిగొచ్చేవి. ఎందుకన్నదానికి 2012లో దొరికిన ఒక కారణం మనకు బాగా సంబంధించినది: చుట్టూ ఉన్న ఫైబ్రోబ్లాస్టులు హెచ్‌జీఎఫ్ అందించి, మందు మూసేసిన దారిని పక్కనుంచి తెరిచిపెడుతున్నాయి. పొరుగు కణాల సాయం అంత దూరం వస్తుంది. ఇప్పుడు బీరాఫ్ మందుకు మెక్ అనే తర్వాతి మెట్టును ఆపే మందు జోడిస్తారు. చాలామందికి ఎక్కువ మేలు చేస్తున్నవి 2011 నుంచి వచ్చిన ఇమ్యునోథెరపీ మందులు, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పేవి.

ఇక మీ చెల్లెలి మిగతా మచ్చల సంగతి. మెలనోమాల్లో సుమారు 30 శాతమే అప్పటికే ఉన్న మచ్చలోంచి వస్తాయి. మిగతావి మామూలుగా కనిపించే చర్మం మీద కొత్తగా పుడతాయి. మచ్చలన్నీ తీయించినా ఆ ముప్పు పోదన్నమాట. ఒక్కో మచ్చ విడిగా మెలనోమాగా మారే అవకాశాన్ని 2003లో అమెరికాలో లెక్క కట్టారు: 40 ఏళ్ల లోపు వాళ్లలో ఏడాదికి రెండు లక్షల మచ్చల్లో ఒకటి కూడా కాదు, 60 దాటిన మగవాళ్లలో సుమారు 33 వేలల్లో ఒకటి. ఆ లెక్క ప్రధానంగా తెల్లచర్మం వాళ్లది. ముదురు రంగు చర్మంలో మెలనోమా ఇంకా అరుదు. ఒంటి మీద వందకు మించి మచ్చలుంటేనో, దగ్గరి రక్తసంబంధీకుల్లో మెలనోమా ఉంటేనో మాత్రం చర్మ వైద్యుడితో క్రమం తప్పకుండా చూపించుకోవాలి.

ఇంట్లో చూసుకునేటప్పుడు, ఉన్న మచ్చల్లో ఏది మిగతావాటికి భిన్నంగా ఉందో పట్టుకోండి. అది అన్నిటికన్నా మంచి గుర్తు. రెండు వైపులా ఒకేలా లేకపోవడం, అంచు చెదిరిపోవడం, రంగులు కలిసిపోయి ఉండటం, నెలల్లో మారడం గమనించాలి. గట్టిగా, బొడిపెలా లేచి వారం వారం పెరుగుతున్నదాన్ని మాత్రం ఒక్క రోజు కూడా నాన్చకండి. రంగు మామూలుగా ఉన్నా సరే. ముదురు చర్మం వాళ్లు అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద తప్పక చూసుకోవాలి. బాబ్ మార్లీ 1981లో చనిపోయింది కాలి బొటనవేలి గోరు కింద మొదలైన మెలనోమాతోనే. ఇంకో మాట గట్టిగా చెప్పాలి: ఏ మచ్చనైనా బయాప్సీకి పంపకుండా లేజర్‌తోనో, కాల్చో తీయించుకోకండి. కణజాలం పోయాక అది ఏమిటో చెప్పడం ఎవరి తరమూ కాదు. కోస్తే క్యాన్సర్ పాకుతుందన్నది మాత్రం నిజం కాదు.

సీరం గురించి. పైన రాసుకునే గ్రోత్ ఫ్యాక్టర్లు పెద్ద ప్రొటీన్లు, చెక్కుచెదరని చర్మంలోంచి లోపలికి దిగేది చాలా తక్కువ. వాటివల్ల మచ్చలు మెలనోమా అయ్యాయన్న రుజువు లేదు. ఇలాంటి భయానికి ఒక చరిత్ర కూడా ఉంది. మధుమేహం వల్ల పాదాలకు వచ్చే పుళ్లకు వాడే పీడీజీఎఫ్ జెల్ మీద 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ క్యాన్సర్ మరణాల గురించి తీవ్ర హెచ్చరిక పెట్టించింది. తర్వాతి పరిశీలనల్లో అది నిలబడక 2018లో తీసేసింది. కాబట్టి మీ చెల్లెలు వాడుకోవచ్చు. కాకపోతే నిర్ధారణ కాని, మారుతున్న మచ్చ మీద రాయకూడదు. చర్మాన్ని సూదులతో గుచ్చి పైన ఇలాంటివి రాసే మైక్రోనీడ్లింగ్ అయితే మచ్చల మీద అసలు వద్దు. ఇంతకుముందు చర్మ క్యాన్సర్ వచ్చినవాళ్లు వైద్యుణ్ణి అడిగే వాడాలి.

చివరిగా మీరు అడగనిదొకటి. మచ్చ తీసిన చోట ఒక్కోసారి కొన్ని కణాలు మిగిలిపోతాయి. గాయం మానేటప్పుడు అక్కడ గ్రోత్ ఫ్యాక్టర్లు ఎలాగూ ఎక్కువ కాబట్టి ఆ కణాలు మళ్లీ పెరిగి, తొలి కొన్ని నెలల్లో మానిన గాటులో నల్లని మరక కనిపించవచ్చు. దాన్ని మళ్లీ కోసి చూస్తే మైక్రోస్కోపు కింద మెలనోమాలాగే భ్రమ కలిగిస్తుంది. మరక గాటు హద్దులోనే ఉంటే సాధారణంగా భయం లేదు. హద్దు దాటి పక్క చర్మంలోకి వెళితే వెంటనే చూపించండి. ఎలా ఉన్నా ఈ రిపోర్టు జాగ్రత్తగా దాచిపెట్టి, రెండోసారి బయాప్సీ చేయాల్సి వస్తే పాత రిపోర్టుతో పాటు పాత స్లైడ్లు కూడా తెప్పించి ఆ పాథాలజిస్టుకు ఇవ్వండి.